కనబడకుండా చేసిన ఫోల్డర్

"మళ్ళీ రెండు వచ్చాయి మునీర్ గారూ," అంది ఇహ్సాన్ ఫోన్లో. "పోయినసారి ఒకటి మాయం చేశారే, అలాగే వచ్చి మాయం చెయ్యండి. రెండు నిమిషాల పని."

రెండు నిమిషాల పని. ఆ మాట మునీర్‌కి బాగా గుర్తు. ఐదేళ్ళ కిందట ఆ మాట అన్నది తనే.

మొరాకోలోని ఫెజ్ నగరంలో, కొత్త ఊళ్ళో, మునీర్‌కి కంప్యూటర్లు బాగుచేసే కొట్టుంది. పాత ఊళ్ళోని అందలూసీ సంగీత సంఘానికి మాత్రం అతను ఉచితంగా పనిచేసేవాడు. పిలిస్తే వెళ్ళేవాడు, పుదీనా టీ తాగి వచ్చేవాడు. ఆ గురువారం పన్నెండున్నరకి వెళ్ళేసరికి ఇహ్సాన్ కుర్చీ ఖాళీ చేసి సిద్ధంగా నిలబడి ఉంది. పదేళ్ళుగా సంఘం ఉత్తరాలన్నీ చూసేది ఆవిడే.

"నిన్న ఈ మెయిల్ ప్రోగ్రామ్ మొరాయించింది. మా తమ్ముడు తీసేసి మళ్ళీ పెట్టాడు. అంతే, ఇదిగో, చెత్త మెయిళ్ళకి రెండు ఫోల్డర్లు. ఒకటి ఫ్రెంచిలో, ఒకటి అరబ్బీలో. మనకి ఇంత చెత్త ఎందుకండీ?"

మునీర్ తెర మీదకి వంగాడు. ఫ్రెంచి పేరున్న ఫోల్డర్ పక్కన తొమ్మిది అని ఉంది. దాని కింద అరబ్బీ పేరున్న ఫోల్డర్ పక్కన వెయ్యిన్నూట పద్నాలుగు. అన్నీ చదవనివే.

మౌస్ మీద వేలు ఆగిపోయింది.

రెండు ఎందుకు వస్తాయో అతనికి తెలుసు. ఈ ఊళ్ళో సగం ఆఫీసుల్లో అదే గొడవ. ఆఫీసు కంప్యూటర్ ఫ్రెంచిలో పెట్టుకుంటారు. పెద్దాయన ఫోను అరబ్బీలో ఉంటుంది. రెండూ ఒకే మెయిల్ ఖాతా చూస్తాయి. కంప్యూటర్ తనకి అనుమానం వచ్చిన ఉత్తరాలను ఫ్రెంచి పేరున్న ఫోల్డర్లో పడేస్తుంది. ఫోను ఆ పేరును గుర్తుపట్టదు. తన భాషలో ఇంకో ఫోల్డర్ తయారుచేసుకుని, తనకి అనుమానం వచ్చినవి అందులో పడేస్తుంది. వైద్యం కష్టమేమీ కాదు. ఫోను చేతిలోకి తీసుకుని, నువ్వూ ఆ మొదటి ఫోల్డరే వాడు అని చెప్పాలి. పదిహేను నిమిషాల పని.

ఐదేళ్ళ కిందట మునీర్ ఆ పదిహేను నిమిషాలు పెట్టలేదు. అది శుక్రవారం. మధ్యాహ్నం నమాజు వేళ. ఫోను సంఘం అధ్యక్షుడు సీ బెన్నాసర్, అంటే బెన్నాసర్ గారి, జేబులో ఉంది. ఆయన గుమ్మం దాటుతున్నాడు. ఇంటి దగ్గర కుస్కుస్ పళ్ళెం చుట్టూ కూర్చుని అందరూ తన కోసం చూస్తున్నారు. మునీర్ అరబ్బీ ఫోల్డర్ పక్కనున్న టిక్కు తీసేశాడు. ఫోల్డర్ పోలేదు, కంప్యూటర్లో కనబడటం మానేసిందంతే. సోమవారం వచ్చి సరిచేద్దామనుకున్నాడు. ఆ సోమవారం ఇంతవరకూ రాలేదు.

"ఏమిటి, చూస్తూ కూర్చున్నారు?" అంది ఇహ్సాన్.

"ఒకసారి లోపలికి చూద్దాం."

ఇద్దరూ పక్కపక్కన కూర్చుని కిందికి జరుపుతూ పోయారు. లాటరీలు, బట్టతల మందులు, చవక విమాన టికెట్లు.

"ఎవరో యువరాణి సీ బెన్నాసర్‌ని పెళ్ళాడతానంటోంది," అంది ఇహ్సాన్. "మూడుసార్లు రాసింది పాపం. ఈయన జవాబే ఇవ్వలేదు."

"ఆయనకి డెబ్బై తొమ్మిది."

"ఆవిడకి తెలియదుగా."

నవ్వుతూనే ఇంకో పేజీ జరిపింది. నవ్వు మధ్యలో ఆగింది. తెర మీద వేలు పెట్టింది. ఆ వేలు కింద ఉన్న వరస ఇది: మాలెం తుహామీ టేపుల గురించి.

మునీర్ పైకీ కిందికీ వెతికాడు. అదే పేరుతో ఇంకో మూడు. జనవరిలో ఒకటి, ఫిబ్రవరిలో ఒకటి, మార్చిలో ఒకటి, మొన్న మంగళవారం ఒకటి.

మాలెం తుహామీ టేపులంటే ఏమిటో ఆ వీధిలో టీ అమ్మేవాడిని అడిగినా చెబుతాడు. తుహామీ మాలెం, అంటే ఉస్తాదు; సీ బెన్నాసర్‌కి గురువు. రబాబ్ అనే కమాను వాద్యం మీద ఆయన చేయి పడితే పెళ్ళివారు భోజనాలు మరిచిపోయేవారట. ఆయన పాటలన్నీ శిష్యుడికి చెప్పాడు, ఒక్కటి తప్ప. అదొక తెల్లవారుజాము పాట. మొదటి రెండు భాగాలు చెప్పి, ముగింపు తర్వాత చెబుతానన్నాడు. ఆ తర్వాత రాకుండానే కన్నుమూశాడు. మెక్నెస్‌లో ఎవరో పెళ్ళిలో ఆయన ఆ పాట చివరిదాకా వాయించాడనీ, ఎవరో టేపు చేశారనీ ఒక మాట ఉంది. ఆ టేపు కోసం సీ బెన్నాసర్ నలభై ఏళ్ళుగా అడగని మనిషి లేడు. మిగతా పాటలన్నీ రికార్డు చేయించి భద్రపరిచాడు. ఆ ఒక్కటి మాత్రం ముగింపు లేకుండా ఉండిపోయింది. అది తెలిసిన మనిషి ఇంకెక్కడా లేడు.

మునీర్ మొదటి ఉత్తరం తెరిచాడు.

"నా పేరు కెంజా మఖ్లూఫీ. బ్రస్సెల్స్‌లో ఉంటాను. మెక్నెస్‌లో మా తాతయ్య పోయారు. 1969లో మా మేనత్త పెళ్ళిలో మాలెం తుహామీ వాయించినదంతా ఆయన టేపు చేసి దాచారు. ఎనిమిది చుట్టలున్నాయి. మీకు కావాలా?"

రెండోది: "మీ జవాబు కోసం చూస్తున్నాను."

మూడోది: "మీకు అక్కర్లేదని అర్థమైంది. విసిగించినందుకు క్షమించండి."

నాలుగోది: "మనసొప్పక ఆఖరుసారి రాస్తున్నాను. తాతయ్య ఇల్లు అమ్మేశాం. గురువారం మూడు గంటలకు కొత్తవాళ్ళు తాళాలు తీసుకుంటారు. లోపల ఉన్నదంతా పారేస్తారు. టేపుల పెట్టె మెట్ల కింద ఉంది. తాళం పక్కింటి లల్లా జొహ్రా దగ్గరుంది." కింద ఆవిడ ఫోన్ నంబర్.

ఇవాళే గురువారం. గోడ గడియారం ఒంటిగంట దాటి పది నిమిషాలు చూపిస్తోంది.

"సీ బెన్నాసర్," అని లోపలి గదిలోకి కేక వేసింది ఇహ్సాన్. ఆ గొంతు విని ఆయన ఒక కాలికే చెప్పు తొడుక్కుని వచ్చాడు. ఉత్తరాలు చదివి వినిపించింది. ఆయన రెండుసార్లు చదివించుకున్నాడు.

"ఇవి ఇన్నాళ్ళూ ఎక్కడున్నాయి?"

ఇహ్సాన్ మునీర్ వైపు చూసింది.

"ఈ ప్రోగ్రామ్‌తో అంతే హాజ్," అన్నాడు మునీర్, పెద్దవాళ్ళని అక్కడ అందరూ పిలిచే పిలుపుతో. "అప్పుడప్పుడు ఇలా మింగేస్తుంది."

ఆ మాట నోటి నుంచి ఎంత సులువుగా వచ్చిందో అతనికే ఆశ్చర్యం వేసింది.

నంబరుకి ఫోన్ చేశాడు. చాలాసేపు మోగాక ముసలావిడ ఎత్తింది.

"పెట్టెనా? ఉంది నాయనా, మెట్ల కిందే ఉంది." ఒక్క క్షణం ఆగింది. "కానీ దాని కోసం అంత దూరం నుంచి రావడమెందుకు? పాత సామాను."

"వస్తున్నాం. మూడు దాకా తాళాలు ఎవరికీ ఇవ్వకండి. మీ తల్లిదండ్రులకు దేవుడి దయ కలగాలి."

"సరే, రండి మరి," అంది లల్లా జొహ్రా. ఆ గొంతులో ఉత్సాహం లేదని మునీర్ గమనించలేదు. అప్పటికే కారు తాళాల కోసం జేబులు తడుముకుంటున్నాడు.

మెక్నెస్ అరవై కిలోమీటర్లు. రోడ్డెక్కేసరికి ఒకటీ నలభై. సీ బెన్నాసర్ ముందు సీట్లో కూర్చుని, మడతపెట్టిన గుడ్డసంచి ఒళ్ళో పెట్టుకున్నాడు, ఎనిమిది చుట్టలు పట్టేంత సంచి.

"ఎంత వేగం మీద పోతున్నావు?"

"నూట పది."

"నలభై ఏళ్ళు ఆగినవాణ్ణి, పది నిమిషాలు ఆగలేనా? నెమ్మదిగానే పోనీ." కాసేపు కిటికీలోంచి చూశాడు. "ఉహు. నొక్కు."

మునీర్ నొక్కాడు. టోల్ గేటు దగ్గర గొర్రెల లారీ ఒకటి అడ్డంగా ఇరుక్కుంది. లారీ డ్రైవర్ దిగి, గేటులో కూర్చున్నవాడితో తీరిగ్గా వాదన పెట్టుకున్నాడు. సీ బెన్నాసర్ అద్దం దించి తల బయటికి పెట్టాడు.

"ఒరే నాయనా, నీ గొర్రెలకి లేని తొందర నాకుంది. కాస్త జరుపు."

"ఎక్కడికి హాజ్, పెళ్ళికా?"

"అవును. యాభై ఏళ్ళు ఆలస్యంగా."

లారీ జరిగింది. పన్నెండు నిమిషాలు పోయాయి.

దారి పొడుగునా పెద్దాయన పెదాలు కదుపుతూనే ఉన్నాడు. ఆ తెల్లవారుజాము పాట కూనిరాగం తీస్తున్నాడు. మొదటి భాగం, రెండో భాగం, ఆ తర్వాత ఒక చోట ఠక్కున ఆగుతుంది. మళ్ళీ మొదటికి వస్తాడు. మునీర్ ఆ పాట చిన్నప్పటి నుంచి వింటున్నాడు. అది ఆగే చోటు ఇంత పదునుగా ఉంటుందని ఎప్పుడూ అనిపించలేదు.

చెప్పెయ్యాలా? మింగింది ప్రోగ్రామ్ కాదు, నేనే దాచాను అని? టేపులు చేతికొచ్చాక చెబుదాం, అప్పుడు నవ్వేస్తాడు అనుకున్నాడు. తప్పు ఒప్పుకోవడానికి కూడా మంచి వేళ చూసుకుంటున్నాడు.

పాత ఊరి గుమ్మం దగ్గర కారు ఆపేసరికి రెండూ ముప్పై ఎనిమిది. సందుల్లోకి కారు పోదు. పెద్దాయన చెయ్యి పట్టుకుని మునీర్ దాదాపు పరిగెత్తించాడు. ఇంటి ముందుకి చేరేసరికి మూడుకి ఇంకా పది నిమిషాలుంది. తాళాలు తీసుకునేవాళ్ళు రాలేదు. లల్లా జొహ్రా తలుపు తీసి పట్టుకుని నిలబడి ఉంది.

మునీర్ గుండె కుదుటపడింది. గెలిచామనుకున్నాడు.

మెట్ల కింద చెక్కపెట్టె ఉంది. మూత మీద తేదీ, కింద మాలెం పేరు, ముత్యాల్లాంటి అక్షరాల్లో. సీ బెన్నాసర్ కింద కూర్చున్నాడు. మూత తీసేముందు రెండు అరచేతులూ దాని మీద ఆనించి ఏదో చదువుకున్నాడు. తీశాడు. లోపల ఎనిమిది అట్టపెట్టెలు. మొదటిది ఎత్తాడు. దాన్ని చేతిలో తూచినట్టు ఆడించాడు.

"తేలిగ్గా ఉందే," అన్నాడు.

లోపల ప్లాస్టిక్ చక్రం ఒకటుంది. దాని మీద టేపు లేదు. రెండోదాంట్లోనూ లేదు. మునీర్ మిగతా ఆరూ గబగబా తెరిచాడు. ఎనిమిది ఖాళీ చక్రాలు.

లల్లా జొహ్రా గోడకి ఆనుకుంది.

"పోయిన నెల కెంజా ఫోన్ చేసింది. వాళ్ళకి అక్కర్లేదట, నీ ఇష్టం వచ్చినట్టు చేసుకో అంది. మా మరిది బూ అజ్జా చూశాడు. చేలో పిచ్చుకల బాధ ఎక్కువగా ఉంది వదినా, ఈ రిబ్బన్ ఎండకి బాగా మెరుస్తుంది అన్నాడు. తీసుకుపొమ్మన్నాను. మొన్న ఆ పిల్ల మళ్ళీ ఫోన్ చేసి, పెట్టె భద్రంగా ఉందా పిన్నీ అని అడిగింది. ఉందన్నాను. పెట్టె ఉంది కదా. లోపలిది పోయిందని చెప్పడానికి నాకు నోరు రాలేదు."

వీధి తలుపు దగ్గర ఎవరో తట్టారు. తాళాల కోసం వచ్చిన కొత్తవాళ్ళు.

బూ అజ్జా చేను ఊరి బయట, గోడ పక్కన. ఎకరన్నర బార్లీ, ఇప్పుడే గింజ పాలు పోసుకుంటోంది. చేను మీద ఈ కర్ర నుంచి ఆ కర్రకి, అడ్డంగా, నిలువుగా, గోధుమరంగు రిబ్బన్ కట్టి ఉంది. గాలికి అది కంపిస్తోంది. కంపించినప్పుడల్లా సన్నగా మూలుగుతోంది. ఒక్క పిచ్చుక కూడా లేదు.

"భలే పని చేస్తోంది," అన్నాడు బూ అజ్జా, వచ్చినవాళ్ళు దేనికి వచ్చారో తెలియక. "ఇంకా మిగిలింది కూడా, ఒక బస్తాడు. చిక్కుపడిపోతే కొమ్మలతోపాటు తగలబెట్టేశాను."

మునీర్ ఒక కర్ర దగ్గరకెళ్ళి రిబ్బన్‌ని వేళ్ళతో పట్టుకున్నాడు. సాగిపోయి ఉంది. బొటనవేలికి గోధుమరంగు పొడి అంటుకుంది. మూడు వారాల ఎండ, రెండు వానలు. కంప్యూటర్ మనిషికి ఆ పొడి ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. పాట ఉండేది ఆ పొడిలోనే.

సీ బెన్నాసర్ గట్టు మీద నిలబడి చెవి ఒగ్గాడు. గాలి జోరు పెరిగింది. చేనంతా ఒక్కసారి మూలిగింది.

"శ్రుతి తప్పింది," అన్నాడు. మునీర్ వైపు తిరిగాడు. "యంత్రాలు ఇంతే నాయనా. నువ్వేం చేస్తావు?"

చెప్పడానికి అంతకంటే మంచి సందు దొరకదు. మునీర్ నోరు తెరిచాడు. "అవును హాజ్," అన్నాడు.

బూ అజ్జా సంగతి తెలుసుకుని తల పట్టుకున్నాడు. మాట్లాడకుండా చేలోకి దిగి, కాస్త బాగున్నట్టు కనబడిన రిబ్బన్ ముక్కలన్నీ విప్పి గుడ్డసంచిలో పెట్టిచ్చాడు. పిచ్చుకలు తింటే తిననీ అన్నాడు.

ఆ ముక్కలు ఫెజ్‌లో పాత రేడియో ఇంజనీరు ఒకాయన దగ్గరకి వెళ్ళాయి. రెండు రోజులు కూర్చుని ఒక్కొక్కటీ అతికించి విన్నాడు. ఇసుక రాలుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. ఒక్క చోట మాత్రం మూడు సెకన్లు మనిషి గొంతు ఉంది. ఎవరో పెళ్ళిపెద్ద కాబోలు, "టీ ఇటు పంపండర్రా" అంటున్నాడు. వెనక రబాబ్ లేదు.

ఆదివారం సెలవైనా మునీర్ సంఘానికి వచ్చాడు. పెద్దాయన ఫోను చేతిలోకి తీసుకుని అమరిక మార్చాడు. అరబ్బీ ఫోల్డర్‌లోని మెయిళ్ళన్నీ ఫ్రెంచి పేరున్నదాంట్లోకి తెచ్చి, ఖాళీ అయినదాన్ని తీసేశాడు. కెంజా ఉత్తరాలు నాలుగూ వేరే పెట్టాడు. అంతా కలిపి పదిహేను నిమిషాలు పట్టింది. గడియారం చూసుకోకుండా ఉంటే బాగుండేదనిపించింది.

"ఆ అమ్మాయికి జవాబు రాయాలి," అన్నాడు సీ బెన్నాసర్. "నువ్వు టైపు చెయ్యి. అమ్మా కెంజా, నీ ఉత్తరాలు ఆలస్యంగా చూశాం, తప్పు మాది. మీ తాతగారి టేపులు మాకు చేరాయి. దేవుడు ఆయనకి స్వర్గమివ్వాలి."

మునీర్ వేళ్ళు ఆగాయి. "చేరాయని రాయమంటారా?"

"నాలుగుసార్లు అడిగిన పిల్ల. పక్షుల పాలయ్యాయని ఎలా చెబుతాం? మనకి ఉన్న బాధ చాలదా, దానికి కూడా పంచాలా?"

మునీర్ టైపు చేసి పంపాడు. పెద్దాయన లోపలి గదిలోకి వెళ్ళి రబాబ్ తీగలు సవరించడం మొదలుపెట్టాడు.

మునీర్ లేవబోతుంటే తెర మీద గంట మోగింది. జవాబు. తిన్నగా ఇన్‌బాక్స్‌లోకే వచ్చింది, ఏ అడ్డూ లేకుండా.

"మీరు రాసింది చదివి ఏడ్చేశాను. ఆ టేపులు నేనెప్పుడూ వినలేదు, మా ఇంట్లో టేపులు వినే మిషన్ పాడైపోయింది. తాతయ్య గొంతు కూడా అందులో ఉంటుందనేవారు. ఒక చిన్న ముక్క పంపగలరా? ఏదైనా సరే."

మునీర్ దాన్ని చాలాసేపు చూశాడు. దీన్ని కనబడకుండా చెయ్యడానికి కూడా ఒక్క నొక్కు చాలు.

లేచి లోపలి గదిలోకి వెళ్ళాడు.

"హాజ్, ప్రోగ్రామ్ మింగలేదు. ఐదేళ్ళ కిందట ఆ ఫోల్డర్‌ని కనబడకుండా చేసింది నేను. మీ ఫోను తీసుకుని సరిచెయ్యాల్సింది. శుక్రవారం, ఇంటికి వెళ్ళే తొందరలో ఉన్నాను. మళ్ళీ వస్తాననుకున్నాను."

రబాబ్ మీద కమాను ఆగింది.

"గుర్తుంది," అన్నాడు సీ బెన్నాసర్. "గుమ్మం దగ్గర నన్ను ఫోను అడిగావు. కుస్కుస్ చల్లారిపోతుంది, పో, ఈ ఫోను ఎక్కడికీ పారిపోదు అన్నాను నేనే." కమాను ఒళ్ళో పెట్టుకున్నాడు. "అన్నాననుకో. నువ్వు వెళ్ళకుండా ఉండాల్సింది."

"ఉండాల్సింది."

"ఆ అమ్మాయి ఏమంటోంది?"

మునీర్ చదివి వినిపించాడు. పెద్దాయన తల ఊపాడు, అబద్ధం ఎంతో దూరం పోలేదని ఒప్పుకున్నట్టు.

"ఆ టీ అడిగినాయన గొంతు పంపు. వాళ్ళ తాతే అయి ఉండొచ్చు. జరిగింది జరిగినట్టు రాయి, నీ పేరు కింద రాయి. ఇదిగో, ఇది కూడా పంపు. ఫోను అక్కడ పెట్టు."

మునీర్ ఫోను బల్ల మీద పెట్టి రికార్డింగ్ మొదలుపెట్టాడు. సీ బెన్నాసర్ కళ్ళు మూసుకుని తెల్లవారుజాము పాట ఎత్తుకున్నాడు. మొదటి భాగం అయింది. రెండో భాగం అయింది. కమాను పైకి వెళ్ళింది, ఎప్పుడూ ఆగే చోటికి వచ్చింది, ఆగింది.

పెద్దాయన కమాను దించేశాడు. మునీర్ వేలు ఫోను మీదే ఉంది. నొక్కలేదు. గదిలో నిశ్శబ్దం రికార్డవుతూ ఉంది.